పాత ట్రక్కు తొట్టి: పేరుకొన్న మట్టి, పట్టిన తుప్పు



ట్రాక్టరు వెనుక తగిలించుకొనే బండిని కోస్తా జిల్లాలలో ట్రక్కు అంటారు. తెలంగాణలో ట్రాలీ అంటారు. కొన్ని చోట్ల ఉత్త తొట్టి అనే పిలుస్తారు. పేరేదైనా, దాని మీద మనకున్న శ్రద్ధ మాత్రం అంతంత మాత్రమే. ట్రాక్టరుకు ఇంజనాయిలు మార్చిన తేదీ గోడమీద వ్రాసి పెట్టుకొనే రైతు కూడ ట్రక్కును చివరిసారి ఎప్పుడు కడిగినాడో చెప్పలేడు. దానికి ఇంజను లేదు గదా, చెడిపోవడానికేముంది అని మన ధీమా. నిజానికి ఇంజను చెడితే ఆ క్షణమే తెలుస్తుంది. తొట్టి చెడేది నిశ్శబ్దంగా, మనకు కనపడని అడుగువైపున చెడుతుంది. ఈ దినం నేను చెప్పదలచింది ఆ కనపడని వైపును గురించి.

ముందు చిన్న లెక్క చూడండి. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గల తొట్టికి 3 మిల్లీమీటర్ల అడుగురేకు వేసినారనుకొందాం. ఆ రేకు బరువు సుమారు 130 కిలోలు. అందులో 1 మిల్లీమీటరు మందం తుప్పు తినివేసినదంటే 43 కిలోల ఇనుము, డబ్బు పెట్టి కొన్న ఇనుము, పొడియై రాలిపోయినట్లు. నష్టం అంతటితో ఆగదు. రేకు మందం సగానికి తగ్గితే వంగకుండా బరువు మోసే శక్తి సగం కాదు, నాల్గవ వంతుకు పడిపోతుంది. అందుచేతనే ఎన్నో పంటల ధాన్యం మోసిన తొట్టి ఒక సంవత్సరం ఉన్నట్లుండి అడుగు జారుతుంది. అది ఆనాడు జరిగిన పని కాదు. ఏళ్ళ తరబడి జరుగుతున్న దానికి ఆనాడు లెక్క తేలిందన్నమాట.

తుప్పు పట్టడానికి మూడు కలియవలె: ఇనుము, చెమ్మ, గాలిలోని ప్రాణవాయువు. ఇది మీరు బడిలో చదివినదే. కాని బడిలో చెప్పని సంగతి ఒకటి వున్నది. రేకుమీద ఒకచోట మట్టిపెళ్ల అంటుకొని, చుట్టూ రేకు శుభ్రంగా వుంటే, మట్టి అడ్డముండి గాలి తగలదు గనుక దాని క్రింద తుప్పు పట్టదని మనం అనుకొంటాము. జరిగేది సరిగా తిరగబడి జరుగుతుంది. గాలి తక్కువగా అందే చోటికీ, ఎక్కువగా అందే చోటికీ మధ్య చెమ్మ ద్వారా సన్నని విద్యుత్తు ప్రసరిస్తుంది. ఆ ప్రసారంలో కరిగిపోయేది గాలి తక్కువైన చోటి ఇనుమే. అంటే మట్టిపెళ్ల క్రిందిదే. పైగా మట్టి నీటిని పట్టి వుంచుతుంది. వాన వెలిసిన గంటకు రేకు ఆరిపోతుంది. నల్లరేగడి పెళ్ల క్రింద చెమ్మ వారమైనా ఆరదు. అందువల్ల తుప్పు రేకు అంతటా సమంగా పట్టదు, గుంటలు గుంటలుగా దిగుతుంది. గుంట దిగిందంటే రంధ్రానికి దారి దగ్గరైనట్లే.

కలకత్తాలో హౌరా వంతెన 1943లో ప్రారంభమైంది. మహానదివంటి రాకపోకలను తట్టుకొన్న ఆ ఉక్కు, జనం నమిలి ఉమ్మిన తాంబూలానికి తట్టుకోలేకపోయింది. ఉమ్మి పేరుకొన్న మొదళ్ళ దగ్గర ఉక్కు తరిగిపోతున్నదని 2011 ప్రాంతంలో ఇంజనీర్లు గమనించి, అక్కడ ఫైబరు గ్లాసు తొడుగులు వేయించవలసి వచ్చింది. బరువుకు వంగని ఇనుము మురికికి లొంగుతుందనడానికి ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలి?

"మా తాతలనాటి నాగలి కర్రు చావిట్లో పడి తుప్పు పట్టినా మళ్ళీ దుక్కికి పనికి వచ్చేది గదండీ" అని ఒక పెద్దాయన అడిగినారు. నిజమే. కర్రు మందమైన ఇనుము; నేలలో రెండు చాళ్ళు తిరిగేసరికి తుప్పు అంతా రాచుకొని పోయేది. ట్రక్కు రేకుకు ఆ మందమూ లేదు, అడుగుభాగానికి ఆ రాపిడీ లేదు. ఢిల్లీలోని ఇనుపస్తంభం సుమారు 1600 సంవత్సరాలుగా ఆరుబయట నిలిచివున్నది నిజమే కాని, ఆ ఇనుములో ఫాస్ఫరసు పాలు నేటి రేకులలో కంటె చాలా ఎక్కువ. మనం బజారులో కొనే రేకు ఆ జాతిది కాదు.

ఇక బరువుల సంగతి. ఏ బరువు మోస్తే ఎంత నష్టమో తెలిసివుంటే, ఏనాడు తప్పక కడగవలెనో తెలుస్తుంది. ఎండిన వరిగడ్డి, ఇటుకలు, కంకర వల్ల తుప్పు భయం తక్కువ. పశువుల ఎరువు, అందులోనూ కోళ్ళ ఎరువు, తడిగా వుండి లవణాలు కలిగివుంటుంది గనుక హెచ్చు నష్టం చేస్తుంది. రసాయనిక ఎరువులలో మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ విషయంలో చాలా జాగ్రత్త అవసరం. దాని బరువులో సగానికి కొంచెం తక్కువ క్లోరైడే. ఇనుముకు క్లోరైడు ఎంత శత్రువో సముద్రతీరం వారికి వేరే చెప్పనక్కరలేదు. బస్తా చిరిగి ఒలికిన నాలుగు దోసిళ్ళ పొటాషు రేకుల సందున చేరితే అక్కడి చెమ్మను ఎప్పటికీ ఆరనివ్వదు. మామూలుగా గాలిలో తేమ నూటికి 60 పాళ్ళు దాటినప్పుడు తుప్పు జోరందుకొంటుంది. లవణం అంటిన రేకుకు అంత తేమ కూడ అవసరం లేదు. అమ్మోనియం సల్ఫేటు కూడ ఇంచుమించు ఇట్టిదే. భీమవరం, కైకలూరు ప్రాంతాలలో చేపలు, రొయ్యలు, ఐసు మోసే బండ్ల గతి మీరు చూస్తూనే వున్నారు. ఐసు కరిగి కారే ఉప్పునీరు ఛాసీ పొడుగునా చారలు కడుతుంది. అట్టి బండిని ఏ పూటకు ఆ పూట కడగవలసిందే, వారానికొకసారి అంటే చాలదు.

మట్టి ఎక్కడ దాగివుంటుందో చూద్దాం. ట్రక్కు అడుగున రేకును మోసే అడ్డ ఛానళ్ళు వుంటాయి. నోరు పైకి గాని ప్రక్కకు గాని తెరచివున్న ప్రతి ఛానలూ ఒక చిన్న దొన్నె అనుకోండి. చక్రాలు విసిరిన బురద, పైనుండి రాలిన ఊక, గడ్డిపరకలు అందులో చేరి గట్టిపడతాయి. వేలుపెట్టి చూస్తే కొన్నింటిలో గడ్డి మొలిచి కూడ వుంటుంది. నవ్వు రావచ్చు కాని గడ్డి మొలిచిందంటే అక్కడ ఏడాది పొడుగునా చెమ్మ వున్నదనే అర్థం. తరువాత చూడవలసినవి మడ్గార్డుల లోపలి అంచులు, వెనుక డోరు మడతబందుల వెనుక భాగం, పక్క డోర్ల నిలువు యాంగిలర్లు అడుగురేకును కలిసే మూలలు, రెండు రేకులు ఒకదానిమీద ఒకటి ఎక్కించి అతికిన సందులు. ఆ సందులో తుప్పు పుట్టిందంటే చక్కపేడు దిగగొట్టినట్లు రేకులను విడదీస్తుంది. ఎందుకంటే తుప్పు తాను తిన్న ఇనుముకంటె రెండు మూడు రెట్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి చోటు ఆక్రమిస్తుంది. బోల్టు తలలు ఊడిపోవడం, వెల్డింగు అతుకులు విచ్చుకోవడం చాలావరకు ఈ ఒత్తిడి చేసే పనే.

చెత్త తీసేటప్పుడు నీళ్ళతో మొదలు పెట్టవద్దు. చాలామంది చేసే పని అదే. ఎండుమట్టిమీద నీళ్ళు కొడితే పైమట్టి జారి, లోపలిది ఇంకా లోతుకు పోయి పేస్టులా అతుక్కొంటుంది. మొదట పొడిగా వుండగానే చెక్కపేడుతో గాని, మొద్దుబారిన పాత కొడవలి కొనతో గాని గీకి రాల్చవలెను. వాడియైన ఉలి వాడితే రంగు చీరుకొని పోతుంది. మూలలకు ఈతాకు చీపురు బాగుంటుంది. ఊక, దుమ్ము పోయిన తరువాత నీళ్ళు చల్లి అరగంట నాననిచ్చి, అప్పుడు గొట్టంతో కొట్టవలెను. అడుగువైపు ముందు, లోపలివైపు తరువాత. సర్వీసింగు షెడ్డులో అధిక ఒత్తిడితో కొట్టించే వారు ఆ ధారను చక్రాల బేరింగుల మీదికి, లైట్ల తీగెల మీదికి, హైడ్రాలిక్ పంపు గొట్టాల అతుకుల మీదికి పట్టకుండ చెప్పి చేయించుకోవలెను. గ్రీజు వున్నచోటికి నీరు చొరబడితే కడిగినందుకు లాభం అక్కడ నష్టంగా మారుతుంది. పని ముగిసిన వెంటనే గ్రీజు గన్నుతో అన్ని నిప్పిళ్ళకు కొత్త గ్రీజు ఎక్కించండి.

నీరు ఎట్టిదో కూడ చూడవలె. మీ బోరు నీరు ఉప్పనైతే దానితో మట్టి వదిలించుకోవచ్చు గాని, ఆఖరు కడుగు మాత్రం కాలువ నీటితోగాని వాననీటితోగాని చేయండి. ఎరువు మోసిన తొట్టిని చెరువుగట్టున కడిగి ఆ నీటిని చెరువులోకి వదలవద్దు. పొలంగట్టున కడిగితే ఆ ఎరువు పైరుకే పోతుంది. పురుగుమందు ఒలికిన తొట్టి సంగతి వేరు. దానిని పశువులు నీరు త్రాగే చోటికి, బావికి దూరంగానే కడగవలెను.

కడగడం కంటె ముఖ్యమైనది ఆరబెట్టడం. వెనుక డోరు తెరచి, ముందువైపు జాకీతో కొంచెం ఎత్తు చేసి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ఒక పూర్తి పగలు ఎండలో వుంచండి. తొట్టిలో నీరు నిలిచే మూల ఏదో ఆనాడే తెలిసిపోతుంది. ఆ మూలలో నీరు కారడానికి 12 మిల్లీమీటర్ల రంధ్రం వుండవలెను. లేకుంటే వేయించండి. కొత్త బండ్లకు రంధ్రాలు వుంటాయి గాని ఇసుక కారుతుందని మనవారే గుడ్డపీలికలు కుక్కి మూస్తారు. ఇసుక తోలేటప్పుడు మూసినా, తోలకం అయిపోగానే తీసివేయవలెను. నాలుగు వైపులా మూసివున్న గొట్టపు ఛానలుకైతే, కనపడని సూదిబెజ్జాల గుండా నీరు లోపలికి పోయి బయటికి రాక నిలుస్తుంది. అటువంటి దానికి అట్టడుగున చిన్న రంధ్రం వేస్తే ఎర్రటి నీరు కారడం మీరే చూస్తారు. రంధ్రం వేసేముందు అవతల నూనె గొట్టం గాని, తీగెలు గాని లేవని చూసుకోండి. రంధ్రం అంచుకు రంగు పూయడం మరవవద్దు.

ఇక్కడ ఒక ప్రాణాపాయపు విషయం చెప్పి ముందుకు పోతాను. ఎత్తే తొట్టి గల ట్రక్కును హైడ్రాలిక్ జాకీతో లేపి, అడుగున శుభ్రం చేయడానికి దూరేవారున్నారు. నూనె గొట్టం పగిలినా, ట్రాక్టరు మీది కుర్రవాడు పొరపాటున లీవరు తగిలించినా ఆ తొట్టి క్షణంలో దిగిపోతుంది. తప్పుకొనే వ్యవధి వుండదు. తొట్టికీ ఛాసీకీ మధ్య గట్టి ఇనుప ఊత నిలబెట్టి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకొన్న తరువాతనే అడుగుకు పోవలెను. చేతికందిన కర్రదుంగ ఊత కాదు. పిల్లలను ఆ దగ్గరికి రానివ్వనేకూడదు.

ఇక తుప్పు వదిలించే పని. సుత్తితో తేలికగా తట్టుకొంటూ పోండి. మంచి రేకు ఖంగున మ్రోగుతుంది. తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది, పెచ్చులు రాలుతాయి. సుత్తి దెబ్బకే చిల్లు పడిన చోటికి రంగుతో పని లేదు. ఆ ముక్కను కోసివేయవలసిందే. గట్టిగా వున్న చోట పెచ్చులన్నీ రాల్చి, వైరు బ్రష్షుతో, తరువాత ఎమరీ కాగితంతో రుద్ది, మెరుపు కనిపించేదాకా తేవలెను. గుంటలలో మిగిలిన సన్నని తుప్పుకు ఫాస్ఫారికామ్లం కలిసిన ద్రవం పెయింటు కొట్లలో అమ్ముతారు. అది తుప్పును గట్టి పొరగా మారుస్తుంది. డబ్బామీద వ్రాసినట్లే వాడండి; చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు వుండవలెను. ఊడివచ్చే పెచ్చులమీద దానిని పూయడం మాత్రం వృథా.

గ్రైండరు పట్టేటప్పుడు మూతికి ముక్కుకు సరియైన మాస్కు అవసరం. పాత బండ్లకు వేసిన పాత రంగులలో సీసం కలిసివుండే అవకాశం హెచ్చు. ఇళ్ళకు వాడే రంగులలో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించరాదనే నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుండి అమలైంది. అది ఇళ్ళ రంగుల మాట, పైగా అంతకు ముందే వేసిన రంగులకు వర్తించేది కాదు. ఆ ధూళిని పెరటిలో, పిల్లలు ఆడుకొనే చోట రేపవద్దు. అడుగున పట్టా పరచి, రాలినదంతా ఎత్తివేయండి.

రుద్దిన ఇనుమును మరునాటికి వుంచరాదు. మన తీరప్రాంతపు గాలికి ఒక్క రాత్రిలోనే పసుపు పూసినట్లు కొత్త తుప్పు పుడుతుంది. కాబట్టి ఒక పూటలో రంగు పూయగలిగినంత మేరకే రుద్దండి. మంచు ఆరిన తరువాత మొదలుపెట్టి, ఎండకు రేకు కాలకముందే పూర్తి చేస్తే రంగు బాగా పడుతుంది. కాలిన రేకుమీద పూస్తే బొబ్బలెక్కుతుంది. నూనె జిడ్డు వుంటే చాకలి సోడా కలిపిన వేడినీటితో కడిగి, మంచినీటితో తీసి, బాగా ఆరనివ్వవలె. మొదట అంచులకు, వెల్డింగు అతుకులకు, బోల్టు తలలకు చిన్న బ్రష్షుతో ప్రైమరు పట్టించండి. వాడి అంచుల మీద రంగు పలుచబడుతుంది గనుక తుప్పు ముందుగా అక్కడే తొంగిచూస్తుంది. ఆ తరువాత మొత్తానికి పలుచగా రెండు పూతలు ప్రైమరు, రెండు పూతలు ఎనామిలు. జింకు ఫాస్ఫేటు ప్రైమరు దొరికితే మేలు; రెడాక్సైడు అందరికీ దొరికేది, దానితోనైనా పని నడుస్తుంది. పూతకూ పూతకూ నడుమ ఎంతసేపు ఆగవలెనో డబ్బామీద వుంటుంది. ఆ మాట పాటించండి.

తొట్టి లోపలి అడుగురేకుకు ఖరీదైన రంగు వేయడం నా అభిప్రాయంలో దండుగ. రెండు లోడ్ల కంకరతో అది గీచుకొని పోతుంది. నిత్యం బరువు రాచుకొనే రేకు దానంతటదే మెరుస్తూ వుంటుంది. దానికి కావలసింది శుభ్రత, పొడి. రంగుకు పెట్టే డబ్బు అడుగువైపున, ఛానళ్ళ లోపల, డోర్ల క్రింది జానెడు భాగాన పెట్టండి.

కాలిన ఇంజనాయిలు పూసే అలవాటు మన పల్లెలలో చాలాకాలంగా వున్నది. ఖర్చు లేదు, నల్లగా నిగనిగలాడుతుంది, కొంతకాలం నీటిని ఆపుతుంది కూడ. కాని దానిలో ఇంజనులో పుట్టిన ఆమ్లాలు, లోహపు మసి వుంటాయి. దుమ్మును పట్టి మళ్ళీ మట్టిపొర కట్టిస్తుంది. టైర్లకు, రబ్బరు గొట్టాలకు చెరుపు. చర్మానికి మాటిమాటికి తగిలితే కాన్సరు ముప్పు వున్నది. వానకు కారి పొలంలో చేరుతుంది. అదే తొట్టిలో రేపు మీరు ధాన్యం పోస్తారు గదా! పని లేని కాలంలో ఇనుమును కాపాడవలెనంటే రంగు పోయిన చోట్ల, మడతబందులకు, గొళ్ళేలకు, పిన్నులకు కొత్త గ్రీజు పలుచగా పూయండి. కొత్త గ్రీజు ఒక్క డబ్బా పెద్ద ఖర్చు కాదు.

చిల్లులు పడిన అడుగుమీద కొత్త రేకు పరచి చుట్టూ వెల్డింగు చేయించడం ఇంకొక అలవాటు. వెల్డరుకు పని తేలిక, మనకు ఒక పూటలో ట్రక్కు చేతికొస్తుంది. కాని రెండు రేకుల మధ్య చెమ్మ బందీ అవుతుంది. పాత రేకు తుప్పు కొత్తదాన్ని క్రిందినుండి తినడం ప్రారంభిస్తుంది. ఎప్పుడూ బండికి మరో 130 కిలోలు అదనపు బరువు కూడ. పాతదాన్ని కోసి తీసి, ఛానళ్ళు శుభ్రపరచి, వాటికి ప్రైమరు పూసి, అప్పుడు కొత్తది వేయించవలె. వెల్డింగుకు ముందు ట్రక్కును ట్రాక్టరు నుండి విప్పండి. సందులలో ఊక, గడ్డి మిగిలివుంటే నిప్పురవ్వ లోపల రాజుకొని, వెల్డరు వెళ్ళిపోయిన గంటకు మంట లేస్తుంది. బకెట్టు నీళ్ళు దగ్గర వుంచుకొని, ఆ సాయంత్రం మరొకసారి చూడండి.

అన్నింటికంటె ముఖ్యమైన చోటు డ్రాబారు. ట్రాక్టరు కొక్కెంలో పడే కన్ను, దాని వెనుక వెల్డింగు, డ్రాబారు ఛాసీని కలిసే మూల, ఈ మూడింటిని మట్టి, గ్రీజు పూర్తిగా తుడిచి పగటి వెలుతురులో చూడవలెను. రంగుమీద వెంట్రుకవంటి గీత, ఆ గీతవెంట ఎర్రటి మరక కనిపిస్తే అది గీత కాదు, పగులు. పగులులో నీరు చేరి తుప్పు కారుతున్నదన్నమాట. దానిమీద రంగు పూసి కప్పితే పగులు కనపడకుండ పోతుంది, మానదు. కాలువగట్టు మీద లోడుతో పోతుండగా ఆ కన్ను తెగితే ట్రక్కు ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ వుండదు. ట్రక్కులో కూలీలను ఎక్కించరాదని చట్టం చెబుతున్నది. అయినా నాట్ల రోజులలో ఎందరు ఆడవారు ఆ తొట్టిలో కూర్చొని పోతున్నారో మనకందరికీ తెలుసు. పగులు కనపడిన డ్రాబారును అనుభవం గల వర్కుషాపులో మార్పించేవరకు ఆ బండిని కదపకూడదు. వెనుక డోరు గొళ్ళేలు, మడతబందుల పిన్నులు కూడ ఇదే విధంగా చూడండి; అరిగి తుప్పుపట్టిన పిన్ను ఊడితే ఆ బరువైన డోరు వెనుక నిల్చున్నవారి కాళ్ళమీదనే పడుతుంది.

పాత లారీ, చిన్న సరుకుల బండి వున్నవారికి రెండు మాటలు. వేపచెట్టు నీడన నిలిపే బండికి ముందు అద్దం క్రింది సందులో ఆకులు, పూత చేరి కుళ్ళుతాయి. ఆ నీరు క్యాబిను లోపలికి దిగి కాళ్ళక్రింది రేకును తింటుంది. తలుపుల అడుగు అంచున నీరు కారే సన్నని రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడితే తలుపు లోపల నీరు నిలిచి క్రిందినుండి కుళ్ళుతుంది. ఒక పుల్లతో నెలకొకసారి పొడిచి చూస్తే చాలు. పాత బండి కొనబోయేవారు జేబులో చిన్న అయస్కాంతం వేసుకొని వెళ్ళండి. నిగనిగలాడే కొత్త రంగుమీద అది గట్టిగా అంటుకొనక జారిపోతున్నదంటే, ఆ రంగు క్రింద రేకు లేదు, లప్పం వున్నది. ధర మాట్లాడేముందు అడుగున పడుకొని చూడడానికి సిగ్గుపడవద్దు.

ఈ పనులన్నిటికీ వేసవి అనువైన కాలం. రబీ తోలకాలు అయిపోయి, తొలకరికి ముందు ట్రక్కుకు పని తక్కువగా వుండే పది పదిహేను రోజులు చాలు. మళ్ళీ ఖరీఫు ఎరువుల తోలకం ముగిసిన వెంటనే ఒక కడుగు, కోతల తోలకం ముగిసిన తరువాత మరొక కడుగు. రంగు వేసిన ట్రక్కును కనీసం వారం రోజులు నీడపట్టున ఆరనిచ్చిన తరువాతనే పొటాషు బస్తాలు ఎక్కించండి. ఎక్కించేముందు అడుగున పట్టా పరచి, దింపిన సాయంత్రమే ఆ పట్టాను దులిపి, కడిగి, ఆరవేయండి.